పెద్దతల్లి తొట్టి మీద మూత

మూతలు వేసిన 1వ రోజు

ఇది ఆఫీసుకిచ్చే పుస్తకం కాదు. ఆ పుస్తకానికి నీలం అట్ట, మనిషికొకటి పంచారు. ఇది పడవ మీంచి దించేటప్పుడు నీళ్ళలో పడిందని పారెయ్యమన్నారు. నేను ఎండేసి దాచుకున్నాను. కాయితాలు వడియాల్లా వంకర్లు తిరిగాయి, పెన్సిలు గెంతుతోంది. మూడో తరగతి చదువుకి ఇది చాలు. రేపు ఏదైనా అయితే, పోలమ్మకి ముందే అనుమానం వచ్చిందని ఒక చోట రాసి ఉండాలి కదా.

నా పేరు గరికిన పోలమ్మ. డెబ్భై ఒకటి. పెద్దతల్లి తొట్టి దగ్గర, అంటే మిగతా తొట్లన్నిటికీ విత్తు నాచు ఇచ్చే తల్లి తొట్టి దగ్గర, ముప్పై నాలుగేళ్ళ నుంచి పొద్దుటి డ్యూటీ.

ఈవేళ పెద్దతల్లి మీద మూత పెట్టారు. మిగతా నలభై తొట్ల మీదా పెట్టారు. చూస్తే గాజులా ఉంది, గాజు కాదు. పైన అరచెయ్యంత కన్నం, అందులోంచి గాలి గొట్టం. లోపల సూదులు. నీటి వేడీ, ఉప్పూ, నాచు పచ్చదనం అవే చూసుకుని స్క్రీను మీద లైటు వేస్తాయట. పచ్చలైటు ఉంటే బాగున్నట్టు.

"ఇక మీ చేతులు తడవక్కర్లేదు పోలమ్మ గారూ" అంది ఆఫీసరమ్మ.

ముప్పై నాలుగేళ్ళలో నన్ను గారు అన్న మనిషి లేదు. ఊరికే ఎందుకంటారు? అది మనసులో పెట్టుకున్నాను.

ఆవిడ పేరు మృణాళిని. కొండల మీది పెద్దాఫీసు వాళ్ళు మా నీళ్ళ మీది ఊరికి తిండి పెట్టే నాచుశాల మొత్తం మార్చమని పంపారు. వచ్చి నెలయింది. నలభై దాటి ఉండవు. వెనకాల అందరం మార్పమ్మ అంటాం.

మూతతోపాటు అప్పగింత కూడా పోయింది. డ్యూటీ మారేటప్పుడు తొట్టి సంగతి తర్వాతి మనిషికి ఒప్పజెప్పటం అది. మధ్యాహ్నం నేను దిగే వేళకి రెండో పూట డ్యూటీ మనిషి చినతల్లి ఎక్కుతుంది. ఇద్దరం జాకెట్టు చేతులు పైకి లాక్కుని మోచేతి దాకా తొట్టిలో ముంచేవాళ్ళం. నాచు నీళ్ళు వేళ్ళకి ఎలా తగులుతున్నాయి, చెయ్యి తీస్తే ఏం వాసన, నురగ ఎటు పోతోంది, అన్నీ నేను చెప్పాలి, తను వినాలి. విన్నాక "అందింది" అనాలి. ఆ మాట అనందే నేను మెట్లు దిగటానికి లేదు. మొదట్నుంచీ అదే పద్ధతి. ఒకసారి తుఫాను గాలిలో చినతల్లి రావటం రెండు గంటలు లేటయితే మెట్ల పక్క తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"రోజుకి అరగంట మిగులుతుంది. నూట ఇరవై మందికి లెక్కెయ్యండి" అంది మార్పమ్మ మీటింగులో. "చెప్పాల్సింది స్క్రీనే చెబుతుంది. ఆ పైన మీ మాట ఈ పుస్తకంలో రాయండి."

నీలం పుస్తకంలో రోజూ మూడు ప్రశ్నలు అచ్చేసి ఉన్నాయి. ఈరోజు ఏం మారింది? ఏది కష్టమయింది? మనసు ఎలా ఉంది?

మనసు సంగతి వీళ్ళకెందుకు?

4వ రోజు

పాచి తోమే పని లేదు. నురగ తీసే పని లేదు. మూత పైన దుమ్ము తుడిచి, పచ్చలైటు చూసుకుంటూ కూర్చోవటమే. చేతులు పొడిగా ఉంటే ఎవరివో చేతుల్లా ఉన్నాయి.

తిండిశాలలో నాచు పచ్చపిండి రొట్టెలు తింటూ అందరూ పుస్తకం గొడవే.

"నువ్వేటి రాసినావు?" అని పదో తొట్టి గున్నమ్మ నన్నడిగింది.

"ఏం మారింది, ఏటీ నేదు. ఏది కష్టం, ఏటీ నేదు. మనసు, బాగుంది."

"నానూ అదే. మా ఆయనకి రాయటం రాదని ఆడిదీ నానే రాసినాను. ఆడి మనసు నాకన్నా బాగుందని రాసినాను. ఆణ్ణి చూస్తే అలగే ఉంటాడు మరి."

బల్ల చుట్టూ నవ్వులు. నవ్వుతూనే అందరూ తలుపు వైపు చూశారు.

నవ్వు ఆగాక గున్నమ్మే గొంతు తగ్గించి చెప్పింది. మూడో బల్లకట్టు మీద పంపు నడిపే తాతారావు తన పుస్తకంలో, పంపు వణుకుతోంది, నాకు అనుమానంగా ఉంది అని రాశాడట. రెండ్రోజులకి సంచీ సర్దుకుని మెట్టకి వెళ్ళే పడవ ఎక్కాడట. ఎవరితోనూ మాట్లాడలేదట.

మెట్ట మీద విశ్రాంతి శిబిరం ఉంది. తొట్టి పని పోయినవాళ్ళకి బల్లకట్టు మీద గది ఉండదు, అక్కడికే పోవాలి. తోడుకి తెలిసినవాళ్ళుండరు. నేల కదలదు. పుట్టిన దగ్గర్నుంచీ కాళ్ళ కింద నీళ్ళున్న మనిషిని, కదలని నేల మీద నాకు నిద్ర పడుతుందా?

నీలం పుస్తకంలో ఈవేళ కూడా "బాగుంది" అని రాశాను. గుండ్రంగా, శుభ్రంగా.

9వ రోజు

చూడకూడనిది చూశాను. ఆఫీసు గది కిటికీలోంచి చినతల్లి, మార్పమ్మ ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. చినతల్లి చేతులూపుతూ ఏదో చెబుతోంది, మార్పమ్మ రాసుకుంటోంది.

మొన్న కూడా అదే వేళకి వెళ్ళిందని గున్నమ్మ చెప్పింది. నేను నమ్మలేదు.

చినతల్లి నాకన్నా పదకొండేళ్ళు చిన్నది. నన్ను వదినా అంటుంది. మా మధ్య చుట్టరికం లేదు, తొట్టి తప్ప. ఇరవై ఆరేళ్ళు ఒకే నీళ్ళలో చేతులు పెట్టాం. నా మోకాళ్ళ నొప్పి దానికి తెలుసు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతానని తెలుసు. మెట్టకి పంపటానికి పేర్లు ఏరే వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

టీలో పాలు కూడా ఉన్నాయి. పాలు ఆఫీసుకి మాత్రమే వస్తాయి.

13వ రోజు

పొద్దున్న గాలి లేదు. గొట్టం పక్క కన్నం దగ్గర దుమ్ము తుడుస్తుంటే వాసన తగిలింది.

పెద్దతల్లి వాసన నాకు తెలుసు. కోసిన పచ్చిగడ్డి మీద నీళ్ళు చల్లినట్టుంటుంది. ఈవేళ తడిసిన గోనెసంచి వాసన. ముక్కు దగ్గర పెట్టి మళ్ళీ చూశాను. గోనెసంచే.

ఇరవై ఏళ్ళ కింద ఒకసారి ఇదే వాసన వచ్చింది. నాచు తినే పురుగు పడింది. కంటికి ఆనదు. నీళ్ళు చూడటానికి పచ్చగానే ఉంటాయి. చెయ్యి పెడితేనే తేడా. గంజిలా జారాల్సిన నీళ్ళు పలచబడి, వేళ్ళ మధ్య సన్నగా గరగరమంటాయి. పచ్చదనం పోయేది ఆఖరి రోజున, అదీ ఒక్క పూటలో. అప్పుడు ముందే పట్టుకున్నాం కాబట్టి బతికింది.

కన్నంలో నాలుగు వేళ్ళు దూరాయి, చెయ్యి దూరలేదు. స్క్రీను మీద పచ్చలైటు.

నీలం పుస్తకం తెరిచాను. వాసన తేడాగా ఉంది అని రాయటానికి పెన్సిలు పెట్టాను. తాతారావు సంచీ కళ్ళ ముందు కనబడింది. పచ్చలైటు ఉండగా పాడైందని రాస్తే, ముసలిదానికి ముక్కు చెడిందనే కదా అంటారు?

"బాగుంది" అని రాశాను.

14వ రోజు

గోనెసంచే. నిన్నటికన్నా ఎక్కువ.

మార్పమ్మ తనే తొట్టి దగ్గరికి వచ్చింది. నా పక్కన మెట్టు మీద కూర్చుంది, చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా.

"ఎలా ఉంది పోలమ్మ గారూ, కొత్త పద్ధతి?"

"బాగుంది మేడంగారూ."

"ఏదన్నా ఇబ్బంది ఉంటే చెప్పండి. నిజంగా అడుగుతున్నాను."

నిజంగా అడుగుతున్నానని వేరే చెప్పాల్సి వచ్చిందంటే, మిగతాప్పుడు అబద్ధంగా అడిగినట్టే కదా. నోటి దాకా వచ్చింది. ఆవిడ చేతిలో నీలం పుస్తకాల జాబితా ఉంది. అందులో నా పేరు పక్కన ఏదో గీత ఉంది. మంచి గీతో చెడ్డ గీతో తెలియలేదు.

"ఏమీ లేదండి" అన్నాను.

ఆవిడ కాసేపు లైటు వైపు చూసి వెళ్ళిపోయింది. 

15వ రోజు

ఈవేళ్టిది రాయటానికి సిగ్గుగా ఉంది.

డ్యూటీ దిగుతుంటే మెట్ల మీద చినతల్లి ఎదురయింది. మధ్యాహ్నం పూట తిండిశాల పొగ ఇటే కొడుతుంది, తనకి ఆ వాసన తెలిసే దారి లేదు. తెలిస్తే నాకే తెలియాలి.

"వదినా, ఏటైనా ఉందా?" అంది. పాత రోజుల్లోలాగే, తాడు పట్టుకుని.

దాని నోట్లోంచి టీ వాసన. పాల టీ.

"ఏటీ నేదు" అన్నాను.

"అందింది" అంది, అలవాటు కొద్దీ. అనేసి నవ్వింది. "సూసినావా, నోరు మానటం నేదు."

నేను నవ్వలేదు. దిగిపోయాను. ముప్పై నాలుగేళ్ళలో అబద్ధపు అప్పగింత ఇదే మొదటిది.

16వ రోజు

ఇరవై రెండో తొట్టి పోయింది.

తెల్లారి పచ్చలైటు ఉందట, ఎండెక్కేసరికి ఎరుపు. మూత తీస్తే కడిగిన బియ్యం నీళ్ళలా ఉంది. నేను వెళ్ళి వాసన చూశాను. అడగక్కర్లేదు. అయిదు రోజుల కింద దానికి పెద్దతల్లి నుంచే విత్తు నాచు పోశారు, ఆ తర్వాత ఇంకే తొట్టికీ పొయ్యలేదు. అంటే నాకు వాసన రాకముందే పురుగుంది. పెద్దతల్లి లోతు ఎక్కువ కాబట్టి ఇంకా ఆగింది.

సాయంత్రం మీటింగు. సూదుల్లో లోపం ఉందేమో, చూస్తున్నామంది మార్పమ్మ. మొహంలో నెత్తురు లేదు. తర్వాత ఇంకో మాట చెప్పింది.

"పాత పద్ధతిలో ఒక్కో తొట్టికీ ఒక్కో రోజు విత్తు మారుస్తున్నారు. అందుకే బలం ఒకటిగా లేదు. ఎల్లుండి పొద్దున అన్ని తొట్లకీ ఒకేసారి పెద్దతల్లి నుంచి కొత్త విత్తు పోస్తాం. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

నూట ఇరవై మందీ నేల చూశాం. ఊరిలో నాలుగు వేల మంది తినేది ఈ నలభై తొట్ల నాచు. మెట్ట నుంచి తిండి పడవ నెలకొకటి వస్తుంది, అది పది రోజులకి సరిపోదు. ఎల్లుండి నలభై తొట్లలోనూ పురుగు కలుస్తుంది. తర్వాత నాలుగు రోజులు అన్ని లైట్లూ పచ్చగా వెలుగుతాయి. అయిదో రోజున ఒక్కటీ ఉండదు.

అది తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే. ఆ మనిషికి మెట్ట అంటే భయం.

17వ రోజు

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాను. నోటితో చెబితే సగం మింగేస్తానని తెలుసు. అందుకే ఈ వంకర పుస్తకమే పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"ఇది చదవండి మేడంగారూ. నీలందాంట్లో ఉన్నదంతా అబద్ధం."

ఆవిడ చదివింది. నా ఎదురుగానే, మొదటి పేజీ నుంచి. నేను నిలబడే ఉన్నాను. చదవటం అంత సేపు పడుతుందని నాకు తెలియదు.

"మార్పమ్మ అంటే నేనేనా?"

"మీరేనమ్మా."

నవ్వలేదు, కోప్పడలేదు. పేజీ తిప్పింది. తాతారావు దగ్గర ఆగింది.

"తాతారావుకి కంట్లో పొర. ఆపరేషనుకి వెళ్ళాడు. తనే అడిగాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు, కన్ను కనబడదని తెలిస్తే పంపు పని పోతుందేమోనని. పంపు మర్నాడే బాగు చేయించాను. అది మీకెవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు."

పాల టీ దగ్గర మళ్ళీ ఆగింది. 

"చినతల్లి గారు ఎందుకొచ్చేవారో తెలుసా మీకు? ఆ అరగంట తిరిగిమ్మని. రోజూ వచ్చి అదే మాట. మా వదిన చేతిలో చెయ్యి పెట్టందే నాకు తొట్టి తెలీదమ్మా అని."

 నేను అడిగాను. "మరి ఎందుకివ్వలేదు?"

ఆవిడ బీరువా తెరిచింది. నిండా నీలం పుస్తకాలు. ఒకటి తీసి తెరిచింది, బాగుంది. ఇంకొకటి, బాగుంది. గున్నమ్మది, గున్నమ్మ మొగుడిది. నాది.

"నూటికి పైగా మనుషులు బాగుందని రాస్తుంటే, కాదన్న ఒక్కావిడ మాట నేనెలా నమ్మను పోలమ్మ గారూ?"

గారు అన్నా ఈసారి అనుమానం రాలేదు. నిలబడి నిలబడి అనుమానానికి కూడా ఓపిక అయిపోయింది.

సరే అని 13వ రోజు పేజీ చూపించాను. చదివింది. చేతి గడియారం విప్పి సంచీలో వేసుకుంది. "పదండి" అంది.

మూత తీయించింది. నేను మోచేతి దాకా ముంచాను. గరగర. ఆవిడా ముంచింది. "నాకేం తెలియటం లేదు" అంది. చేతులు కడిగించి, పక్క తొట్టి మూత కూడా తీయించి అందులో ముంచించాను, తర్వాత మళ్ళీ ఇందులో. మూడోసారి ఆవిడ వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ ఆగిపోయాయి. మొహం మారింది.

"ఇది బతుకుతుందా?"

"నూలు చీరలు కావాలమ్మా. పాతవి, బాగా ఉతికినవి. నాలుగు మడతలెయ్యాలి. నాచు సన్నం, దాటిపోద్ది. పురుగు బరక, చీర మీదే ఉండిపోద్ది."

"ఎన్ని చీరలు?"

"ఊళ్ళో ఉన్నన్ని."

రేపటి విత్తు ఆపమని అక్కడికక్కడే మైకులో చెప్పింది. అంతటితో ఆగలేదు. ఎందుకు ఆపుతున్నదో కూడా చెప్పింది. ఇరవై రెండో తొట్టి సూదుల లోపం వల్ల పోలేదని, మనుషుల చేతులు తీసేసిన తన తొందర వల్ల పోయిందని, ఊరంతా వినేలా. పెద్దాఫీసు మనిషి నోట అలాంటి మాట నేను వినలేదు. గున్నమ్మ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

18వ రోజు

నిన్న మధ్యాహ్నం నుంచి ఈవేళ పొద్దుగూకే దాకా వడపోత. బల్లకట్టు చుట్టూ తాళ్ళకి చీరలు. పెళ్ళి చీర తప్ప అన్నీ తెచ్చారు. గున్నమ్మ పెళ్ళి చీర కూడా తెచ్చింది, అది పట్టు, పనికిరాదని తిప్పి పంపితే అలిగింది.

చినతల్లి నాకెదురుగా చీర రెండో కొస పట్టుకుంది.  పది బిందెలయ్యాక నేనే అన్నాను.

"మొన్న మెట్ల మీద నీకు అబద్ధం సెప్పినాను."

"తెలుసు. మేడం సెప్పింది."

"నువ్వు ఆఫీసుకి పేర్లు మోస్తన్నావనుకున్నాను."

"పాల టీ తాగినందుకా?" చీర పిండి కోపంగా విదిల్చింది. నా మొహం తడిసింది. "ఒక్క మాటడిగితే నీకూ ఒక గ్లాసు తెద్దును గదే ముసిలీ. ఇరవై ఆరేళ్ళు నీ సెయ్యి పట్టుకున్నాను."

ఏడుపొచ్చింది. నాచు నీళ్ళలో ఎవరికీ తెలియదు.

సాయంకాలం పడవలో తాతారావు నల్లకళ్ళద్దాలతో దిగాడు. తాళ్ళ నిండా చీరలు చూసి, ఎవరి పెళ్ళి అన్నాడు.

సగం దక్కింది. సగం పారబోశాం. దక్కిన సగంలో చెయ్యి పెడితే గంజిలా జారింది. మూడుసార్లు చూశాను. చినతల్లిని కూడా చూడమన్నాను. అప్పుడు గానీ కూర్చోలేదు.

21వ రోజు

దక్కిన సగంలోంచి విత్తు పోస్తే ఇరవై రెండో తొట్టిలో మళ్ళీ పచ్చ కనబడింది. పలచగా, పసిపిల్ల జుట్టంత.

మార్పమ్మ ఈ పుస్తకం తిరిగిచ్చింది. ఎక్కడా గీత పెట్టలేదు. వెతికాను.

మూతలు తీసెయ్యరట. చెయ్యి పట్టేటంత కన్నం కోశారు. అప్పగింతకి పావుగంట ఇచ్చింది. అరగంట అడిగాం, చూద్దామంది. వచ్చే వారం నుంచి నేను సూదుల మనుషుల పక్కన కూర్చుని, గరగర అంటే ఏమిటో, గోనెసంచి వాసన ఎప్పుడొస్తుందో చెప్పాలట. సూదులకి నేర్పుతారట.

 నాకు తెలిసిందంతా సూదికి తెలిస్తే, ఇక నేనెందుకు?

ఇదివరకైతే ఇక్కడ రాసి ఊరుకునేదాన్ని. ఈసారి వెళ్ళి అడిగేశాను.

"అప్పుడు నన్ను మెట్టకి పంపేస్తారా మేడంగారూ?"

పంపనని అంటుందనుకున్నాను. అంటే నమ్మకూడదని కూడా అనుకుని వెళ్ళాను. ఆవిడ కుర్చీ నా ఎదురుగా లాక్కుంది.

"పంపనని మాట ఇవ్వలేను. నా చేతిలో లేనివి ఉన్నాయి. కానీ అలాంటిదేదైనా వస్తే మొదట వినేది మీరే. కాయితం మీద కాదు, ఇలాగే ఎదురుగా కూర్చుని చెబుతాను."

ఇదేం భరోసా? ఇంటికొచ్చి ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడ మడత ఉందో వెతికాను. ఉండే ఉంటుంది. ఇంకా దొరకలేదు.

ఈవేళ మధ్యాహ్నం చినతల్లితో అప్పగింత అయ్యాక, తొట్టి దగ్గరే కూర్చుని నీలం పుస్తకం తెరిచాను. ఏం మారింది దగ్గర, వాసన పచ్చిగడ్డి, చెయ్యికి గంజి, నురగ తూర్పుకి అని రాశాను. ఏది కష్టమయింది దగ్గర, మోకాళ్ళు, పదిహేడో మెట్టు దగ్గర ఆగాను అని రాశాను. ఇక మూడోది. 

మనసు ఎలా ఉంది?

భయంగా ఉంది.

చినతల్లి నా భుజం మీంచి చూస్తోందని తెలియదు. పెన్సిలు లాక్కుని, నా అక్షరాల కింద తన కోడిగీతలతో రాసింది.

అందింది. నాకూ భయమే.

అప్పుడు మెట్లు దిగాను.